నాలుగు నిమిషాలు వెనక

గంటస్తంభం దాటాక కుడి సందులో
జెరాక్సు కొట్టుకీ గాజుల కొట్టుకీ నడుమ
తలుపంత వెడల్పు కొట్టు.
కంట్లో భూతద్దం ఇరికించుకున్న సన్యాసాచారి
తలెత్తకుండానే అన్నాడు:
"ఇది అప్ప కాదమ్మా, చెల్లి."

అరచేతిలో పెట్టాడు ట్యూడర్‌ని.
ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో డయల్,
ఇప్పుడు మరిగి మరిగి మీగడకట్టిన పాలరంగు.
పన్నెండు కింద గులాబీకి
రెండు రేకులే మిగిలాయి,
తక్కినవి ఏ వానాకాలం తిందో.
రేడియం చుక్కలు
చీకట్లో వెలగడం ఎప్పుడో మానేశాయి,
పగలు మాత్రం బెల్లం నలుసుల్లా ఉన్నాయి.

"కళింగపట్నం గున్న ఎర్రయ్యది.
ఓడలో వంటోడు. ఏడెన్ రేవులో కొన్నాడంట.
రోలెక్సుకి డబ్బుల్నేక కాదు,
కెప్టెను చేతికున్నదే వంటోడి చేతికుంటే
రోజూ కూరలో ఉప్పెక్కువైపోద్దని."
నవ్వాడు. భూతద్దం జారలేదు.

తర్వాత వెనక మూత విప్పాడు,
నిద్రపోతున్న పిల్ల చెవికమ్మ తీసినట్టు.
మూత మీద చెక్కిన పేరు అప్పది.
కీ తిప్పే మర మీద చిన్న కిరీటం, అదీ అప్పదే.
నీళ్లు దూరని ఆ ఉక్కు పెట్టె
అదే కొలిమిది, అదే కొలతది.
లోపల టిక్కుమంటున్న మిషను మాత్రం
బయట కొన్నది. చవకది. మొండిది.
"అందుకే తక్కువకొచ్చింది," అన్నాడు,
"అందుకే ఎవుడైనా బాగుచెయ్యగలడు."

నాకెందుకో పరికిణీ గుర్తొచ్చింది.
మా అప్ప తొడిగి విడిచిన వంగపండు రంగుది,
పొడుగు మడిచి, నడుం బిగించి
అమ్మ నాకు కుట్టిచ్చింది ఐదో తరగతిలో.
అంచు మాత్రం అదే అంచు.
బొబ్బిలి బడిలో ఎవరూ అడగలేదు
ముందది ఎవరిదని.
నేనే చెప్పుకు తిరిగాను,
మా అప్పదే, మా అప్పదే అని.

డి.ఏ. బకాయి పడిన నెల అది.
పద్దెనిమిది వేలు, మూడు వాయిదాలు.
మర్నాడు స్టాఫ్‌రూములో కామేశ్వరిగారు చూసి,
"మగాళ్ల వాచీ, అందులో పాతది,
అందులోనూ రెండోరకం" అని
టిఫిను డబ్బా మూత టప్పున మూశారు.

రెండోరకం.
జీడిపప్పులో వింటాం ఆ మాట.
పలాస నుంచి వచ్చే బస్తాల్లో
గుండు వేరు, బద్ద వేరు, ధర వేరు.
పాయసంలో పడ్డాక
నాలిక మీద వేరుచేసి చూపించండి.

పైకి అనలేదు. తొమ్మిదో తరగతి బెల్లు కొట్టారు.

విశాఖలో ఒకసారి చూశాను
అసలు కిరీటం పెట్టుకున్న ఒకాయన్ని.
లిఫ్టులో జనం ఎక్కగానే
చొక్కా చెయ్యి కిందకి లాక్కున్నాడు.
నాది గజపతినగరం బస్సులో
రాడ్డు పట్టుకుని వేలాడుతుంది.
సుద్దపొడి తింటుంది.
బియ్యం కడుగుతుంటే కుళాయి కింద తడుస్తుంది
(ఆచారి వద్దన్నాడు, మర్చిపోతాను).
ఎర్రయ్య గీతలు ఏడుంటే
నావి రెండు కలిశాయి,
ఏది ఎవరిదో ఇప్పుడు నాకూ తెలీదు.

రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది.
పొద్దున్న కాఫీకి ముందు సరిచేస్తాను,
సాయంత్రానికి మళ్లీ అంతే.
"సరిచెయ్యనా?" అని రెండుసార్లు అడిగాడాయన.
మొన్న లెక్కల పరీక్షకి ముందైతే
సరే అనేదాన్ని.

మొన్న, గంట కొట్టేశాక,
హాలంతా కాగితాలు కుట్టుకుంటుంటే
ఆఖరి బెంచీలో తవిటినాయుడు
కలం ఎత్తలేదు.
ఎక్స్ విలువ దగ్గర చెమటలు పట్టి
నా ముఖంలోకి చూశాడు.
నేను మణికట్టు చూసుకున్నాను.

"నా వాచీలో ఇంకా నాలుగు నిమిషాలుంది,
రాయరా."